అట్ట మీద ఎవరి పేరు?

కారు కొంటే చిన్న పుస్తకం ఒకటి ఇస్తారు. అట్ట మీద 'ఓనర్స్ మాన్యువల్' అని ఉంటుంది. నడిపేవాడు ఆ అట్ట మీద లేడు. ఇది ఉత్త మాటల పట్టింపు అనేవాళ్లకు పాత అట్టల సంగతి చెప్పాలి.

1919 నాటి ఫోర్డ్ మాన్యువల్ పేరులో ఇద్దరున్నారు. ఫోర్డ్ బళ్ల 'ఓనర్లకూ ఆపరేటర్లకూ' అని రాశారు. కొన్నవాడు వేరు, నడిపేవాడు వేరు కావచ్చన్న ఎరుక ఆ అట్టకుంది. తర్వాత ఇంగ్లండులో మోరిస్ మైనర్ పుస్తకాన్ని 'డ్రైవర్స్ హ్యాండ్‌బుక్' అన్నారు. అక్కడ కొన్నవాడే స్టీరింగు పట్టేవాడు, పేచీ లేదు. ఆ మోరిస్ వాళ్ల ఆక్స్‌ఫర్డే 1950ల చివర మన దేశంలో అంబాసిడర్ అయింది. ఇక్కడ కొన్నవాడు వెనక సీట్లో కూర్చున్నాడు. ముందు సీటు మాకొచ్చింది.

ముందు సీటు ఒక్క ముస్లింలదే కాదు. దళితులూ బీసీలూ ఉన్నారు. కానీ రోడ్డు రవాణాలో, బళ్ల రిపేర్లలో ముస్లింల పాలు ఎక్కువనీ, సర్కారు నౌకరీల్లో తక్కువనీ 2006లో సచార్ కమిటీయే రాసింది.

మా పిల్లలు ఏ మాన్యువల్ చదివి పానా పట్టారు? ఉస్తాద్ పక్కన నిలబడి, ఇంజను చప్పుడు విని రోగం చెప్పడం నేర్చారు. సగం ఉర్దూ, సగం తెలుగులో సాగిన చదువది. దానికి అట్ట లేదు. అట్ట లేని చదువును ఈ దేశం చదువనదు.

'మీరు ఏలినవాళ్లు కదా' అంటారు. ఆరో నిజాం కోసం చేసిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూపిస్తారు. అందులో సింహాసనం లాంటి సీటుంది, నిజమే. అది మాది కాదు. నవాబులకూ మాకూ కల్మా కలిసింది గానీ సీటు ఎన్నడూ కలవలేదు.

అయితే అట్ట మీద ఒక టోపీవాలా బొమ్మ వేద్దామంటారు, మంచి మనసున్న మిత్రులు. ఆగస్టు పదిహేను పోస్టర్ల మీద ఆ టోపీని చూసి చూసి విసిగాం. మేం బొమ్మ అడగడం లేదు. నడిపేవాడి పేరు అట్ట మీద ఉండాలంటున్నాం. నడిపేవాడి భాష, తెలుగైనా ఉర్దూ అయినా, లోపలి పేజీల్లో ఉండాలంటున్నాం.

దేశానికే ఓనర్లమనేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్ల లెక్కలో మేం కిరాయికొచ్చినవాళ్లం. బండి కదిలేది ఎవరి చేతుల మీదో వాళ్లకు తెలియక కాదు. 1919లో ఒక మోటారు కంపెనీ అట్ట మీద ఇద్దరికీ చోటు దొరికింది. ఇంత పెద్ద దేశానికి ఆ పాటి అట్ట లేదా?