తాళం చెవి ఎవరి దగ్గర?

జూన్ వస్తోందంటే చాలు, మా గోదావరిఖని చౌరస్తా నిండా స్కూళ్ళ ఫ్లెక్సీలే. ఒకప్పుడు వాటి మీద టెన్త్ ర్యాంకులు మాత్రమే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన మరో మాట చేరింది... డిజిటల్! డిజిటల్ క్లాసులు, స్మార్ట్ బోర్డులు, కంప్యూటర్ ల్యాబ్. చూడ్డానికి బాగానే ఉంటాయి. మనకు దొరకనిది మన పిల్లలకు దొరకాలనుకోవడం ఏ తల్లికైనా సహజమే. సర్కారు హైస్కూలైనా, ప్రైవేటు స్కూలైనా, కంపెనీ స్కూలైనా పిల్లలకు కంప్యూటర్ నేర్పాల్సిందే. అందులో నాకు సందేహం లేదు. సందేహమల్లా ఒక్కటే. ఆ గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? వారంలో ఎన్నిసార్లు ఆ తలుపు తెరుచుకుంటుంది?

మా కాలనీలో ఒకామె తన కూతురి స్కూలు గురించి చెబుతూ, "ఆ రూముకు తాళమే తియ్యరు వదినా. బొగ్గుదుమ్ము పడి మిషిన్లు ఖరాబైతయని సారు భయం" అంది. ఆ సారును తప్పుపట్టబుద్ధి కాలేదు నాకు. పాడైతే బాగుచేయించడానికి పైసలిచ్చే వాళ్ళు లేరు. జవాబు చెప్పాల్సింది మాత్రం ఆయనే. తాళం వేయక ఏం చేస్తాడు?

'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నట్టుంటాయి మన ప్రణాళికలు. ముందు సామాను వస్తుంది. దాంతో ఏం చెయ్యాలనే ఆలోచన తర్వాతెప్పుడో వస్తుంది. ఇది ఇవాళ్టి కథ కాదు. స్కూళ్ళలో కంప్యూటర్ పరిచయం కోసం కేంద్రం 1984లోనే 'క్లాస్' అనే పథకం పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5000 హైస్కూళ్ళకు కంప్యూటర్లిచ్చే పథకం మొదలైంది. స్కూలుకు 11 కంప్యూటర్లు, నేర్పడానికి ఇన్‌స్ట్రక్టర్లు, ప్రైవేటు సంస్థలతో ఐదేళ్ళ ఒప్పందం. గడువు తీరగానే ఇన్‌స్ట్రక్టర్లు ఇళ్ళకు వెళ్ళిపోయారు. చాలాచోట్ల కంప్యూటర్లు మూలన పడ్డాయి. యంత్రాలకు వయసు మీద పడేసరికి వాటిని చూసుకునే వాళ్ళే లేకుండా పోయారు.

ఇంటి లెక్కలు వేసే మనకు ఈ లెక్కా కష్టం కాదు. క్లాసులో 40 మంది, గదిలో 11 కంప్యూటర్లు అనుకోండి. ఒక్కోదాని ముందు నలుగురు. పీరియడ్ 40 నిమిషాలు. అంటే ఒక్కొక్కరికి పది నిమిషాలు. వారానికి రెండు పీరియడ్లయితే ఇరవై నిమిషాలు. ఏడాదిలో 36 వారాలు బడి సక్రమంగా నడిచి, కరెంటు పోకుండా, ఒక్క మిషనూ పాడవకుండా ఉంటే మొత్తం 12 గంటలు! పన్నెండు గంటల్లో మనకు కుట్టుమిషన్ మీద జాకెట్ కుట్టడం వచ్చిందా? అదీ నలుగురూ సమానంగా పంచుకుంటేనే. నలుగురిలో ఇద్దరు మగపిల్లలుంటే కీబోర్డు ఎవరి చేతిలో ఉంటుందో, వెనక నిలబడి చూసేది ఎవరో మీకు నేను చెప్పాలా?

అసలు బాధ ఇక్కడే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 26.5 శాతమే. మగవాళ్ళలో అది రెట్టింపుకు పైనే. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. అయినా ఇంట్లో ఒక్క ఫోనుంటే అది ఎవరి జేబులో ఉంటుంది? మొదట తండ్రి జేబులో, తర్వాత అన్న చేతిలో. 2020 సెప్టెంబరు 1న యాదగిరి చానెల్లో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు మా బొగ్గుబాయి ఇళ్ళలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నైట్ షిఫ్టు చేసి పొద్దున ఇంటికొచ్చిన మనిషి నిద్రపోవాలి. క్వార్టర్లో ఉన్నవి రెండు గదులు. టీవీ గొంతు తగ్గించి, పెదాల కదలిక చూసి పాఠం అర్థం చేసుకున్న పిల్లలున్నారు. ఆ పూట వంటింట్లో సాయానికి పిలిచింది ఆడపిల్లనే. అలాంటి పిల్లకు 'ఇది నీ వంతు, ఇంకెవరూ ముట్టుకోరు' అని యంత్రాన్ని చేతికివ్వగలిగిన చోటు బడి ఒక్కటే. ఆ గదికీ తాళం పడితే ఇంకెక్కడికి పోతుంది?

పైగా మన ప్రాంతంలో కాలం మారింది. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనికి రానివ్వలేదు. 2019లో కేంద్రం ఆ పట్టు సడలించింది. పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ పనులకు వాళ్ళూ దిగవచ్చంది. ఇప్పుడు బొగ్గు తీయడమంటే తట్టా చెమ్మసూ కాదు. 2014లో బొగ్గు తీయడం మొదలుపెట్టిన మా అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో యంత్రాలే బొగ్గును కోస్తాయి. తండ్రి బదులు కొడుక్కు ఉద్యోగం అనే ఆశ మీదే బతికిన ఇళ్ళివి. ఇవాళ కూతురూ ఆ వరుసలో నిలబడగలదు, చేతికి పని వస్తే!

కొనడంతోనే చదువు వచ్చేస్తుందా అంటే, రాదని ప్రపంచం చెబుతోంది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పిల్లలకు 8 లక్షలకు పైగా చిన్న ల్యాప్‌టాప్‌లు కొనిపెట్టింది. 2012లో వచ్చిన అధ్యయనం లెక్కల్లో, భాషలో పిల్లలు మెరుగుపడిన ఆనవాలు కనబడలేదని తేల్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లిచ్చారు. 2024 జులై నాటికి ఆ కంపెనీయే దివాలా విచారణలోకి వెళ్ళింది. పాఠాన్ని ఒక కంపెనీ చేతిలో పెడితే దాని కష్టసుఖాలన్నీ మన పిల్లల పుస్తకంలోకి వస్తాయి.

కేరళ వాళ్ళు వేరే దారి పట్టారు. 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' మొదలుపెట్టి, బయటి ఇన్‌స్ట్రక్టర్ల మీద ఆధారపడకుండా, ఉన్న టీచర్లకే శిక్షణ ఇచ్చారు. ఎవరికీ లైసెన్సు డబ్బు కట్టనక్కర్లేని ఉచిత సాఫ్ట్‌వేర్ వాడారు. 2018లో 'లిటిల్ కైట్స్' పేరుతో హైస్కూలు పిల్లల క్లబ్బులు పెట్టి, బడిలోని పరికరాలు చూసుకునే పనిలో వాళ్ళనూ కలుపుకున్నారు. అక్కడ సామాను కంటే ముందు మనుషులు తయారయ్యారు.

ఇది మనకు కొత్త పాఠమేమీ కాదు. బాయిలోకి దిగే ఏ మనిషినైనా ముందు వి.టి.సి.లో కూచోబెడతారు. శిక్షణ కాకుండా దింపకూడదని 1966 నుంచీ నిబంధనే ఉంది. పైకప్పుకు సపోర్టు పెట్టకుండా ఎవరూ ముందుకు పోరు. మన భర్తలకు, అన్నదమ్ములకు ప్రాణంతో సమానమైన ఈ నియమాన్ని పిల్లల బడికి ఎందుకు వర్తింపజేయం? ముందు శిక్షణ, తర్వాత సపోర్టు, ఆ తర్వాతే యంత్రం.

నన్నడిగితే హైస్కూలు ప్రణాళిక ఒక పేజీ దాటనక్కర్లేదు. మొదటి మాట, ఈ యంత్రంతో పిల్లలు ఏం నేర్చుకోవాలి? తొమ్మిదో తరగతి దాటేసరికి తెలుగులో ఒక ఉత్తరం టైపు చెయ్యడం, లెక్కల పట్టిక వెయ్యడం, ఇంటర్నెట్‌లో చూసింది నిజమో కాదో తేల్చుకోవడం, ఆన్‌లైన్ మోసాన్ని పసిగట్టడం... ఇలా రాసిపెట్టుకోవాలి. రెండోది, ఏ ఇద్దరు టీచర్లు దీన్ని చూసుకుంటారు, వాళ్ళకు ఆ మేరకు మిగతా పీరియడ్లు తగ్గిస్తారా? మూడోది, కొనే డబ్బులో కొంత మొదటే పక్కన పెట్టాలి. యు.పి.ఎస్. బ్యాటరీలు కొన్నేళ్ళకే పోతాయి. మన దుమ్ముకు కవర్లు కావాలి, నెలనెలా శుభ్రం చెయ్యాలి. నాలుగోది, గోడమీద టైంటేబుల్. ఏ పిల్ల ఏ రోజు ఏ మిషన్ మీద కూచుంటుందో పేరుతో సహా ఉండాలి. ఆడపిల్లల వంతు ఆడపిల్లలదే. బడి వదిలాక ఓ గంట గది తెరిచి ఉంచగలిగితే ఇంకా మంచిది. ఐదోది, పిల్లల పేర్లు, ఫొటోలు, మార్కులు ఏ యాప్‌లోకి పోతున్నాయి? 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. మనల్ని ఎవరైనా అడిగారా?

"మాకు కంప్యూటరే రాదు, మేమేం అడుగుతాం?" అంటారేమో. మిక్సీ లోపల ఏముందో తెలిసే కొంటున్నామా? గ్యారంటీ ఎన్నాళ్ళు, పాడైతే ఎవరొస్తారు, రోజుకు ఎంతసేపు వాడతాం అని అడిగే కొంటాం. ఇక్కడా అవే ప్రశ్నలు. అడిగే హక్కు కూడా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో సగం మంది ఆడవాళ్ళుండాలి. 2024లో తెలంగాణలో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. బాత్‌రూంల రిపేరు, తాగునీళ్ళు, కరెంటు పనులు తల్లులు దగ్గరుండి చేయించారు. ఫ్యాను తిరుగుతుందా అని చూసిన కళ్ళు కంప్యూటర్ తిరుగుతుందా అని చూడలేవా?

ఈసారి మీటింగుకు పిలిస్తే సంతకం పెట్టి వచ్చేయకండి. ఎన్ని కంప్యూటర్లు కొన్నారని కూడా అడగొద్దు. పోయిన వారం ఆ గది ఎన్ని గంటలు తెరిచి ఉంది, అందులో మా అమ్మాయి చెయ్యి ఎన్ని నిమిషాలు పడింది అని అడగండి. ఆ రెండు అంకెలూ రిజిస్టరులో రాయమనండి. తాళం చెవి హెడ్మాస్టరు సొరుగులోనే ఉండనివ్వండి, ఫరవాలేదు. ఆ సొరుగు రోజూ తెరుచుకునేలా చూసే పని మాత్రం మనది.