జెనీవాకి కావాల్సొచ్చిన వాళ్ళం

పి.వి. నరసింహారావు తెలుగు బిడ్డ, గర్వపడండి అంటున్నారు బెజవాడ పెద్దలు. కృష్ణా జిల్లా విశ్వనాథ 'వేయిపడగలు'ని హిందీలోకి మోసుకెళ్ళినవాడు. ఉర్దూ, ఫారసీ ఎరిగినవాడు. కాదనం.

రెండుసార్లు విదేశాంగ మంత్రి. ప్రధానిగా 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టాడు. 1993లో టెహ్రాన్‌ వెళ్ళి ఇరాన్‌తో స్నేహం కలిపాడు. 1994లో కాశ్మీర్ మీద పాకిస్తాన్ జెనీవాలో తీర్మానం తెస్తే, వాజపేయి నాయకత్వంలో సల్మాన్ ఖుర్షీద్‌నీ పంపాడు. పాకిస్తాన్ వెనక్కి తగ్గింది. అపర చాణక్యుడన్నారు.

మరి 1992 డిసెంబర్ 6న ఆ చాణక్యం ఏ గదిలో నిద్రపోయింది? రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకి మాటిచ్చిందట, ఈయన నమ్మాడట! కేంద్ర బలగాలు దగ్గర్లోనే ఉన్నాయి. గుమ్మటాలు కూలాక, ఆ సాయంత్రం, రాష్ట్రపతి పాలన వచ్చింది. పొద్దున కనపడని రాజ్యాంగం పొద్దుగూకాక ఎలా దొరికింది? మసీదు మళ్ళీ కట్టిస్తామన్నాడు. కట్టలేదు. 2009లో లిబర్హాన్ కమిషన్ ఆయన్ని తప్పుపట్టలేదు. 2024లో భారతరత్న ఇచ్చారు. మా ప్రశ్నకి మాత్రం జవాబివ్వలేదు.

వించిపేటలో, కొండపల్లిలో, బందరులో మేం తెలుగులోనే బేరమాడతాం, తెలుగులోనే తిట్టుకుంటాం. ఆయన తెలుగువాడైతే మేమూ తెలుగువాళ్ళమే. పొరుగుదేశాల ముందు దేశం పరువుకి మా పేరు సాక్ష్యం కావాలి. ఇంట్లో మా గోడ కూలుతుంటే మేం నోరు మూసుకోవాలి! ఆయన్ని నెత్తిన పెట్టుకోండి. ఆ ఒక్క రోజు లెక్క మాత్రం మాకు చెప్పండి.