లైసెన్సు ఎటు పోతే జట్టు అటు

2025 వేసవి మొదట్లో సన్‌రైజర్స్ యాజమాన్యం ఉచిత పాసుల గొడవ మీద హైదరాబాద్ క్రికెట్ సంఘానికి ఘాటుగా లేఖ రాసింది. ఇలాగే వేధిస్తే ఉప్పల్ వదిలి మరో ఊళ్లో ఆడుకుంటామని అందులో హెచ్చరించింది. ముఖ్యమంత్రి వెంటనే విజిలెన్స్ విచారణకు ఆదేశించారు. క్రికెట్ జట్టు ఎక్కడికీ పోలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ మాత్రం నిజంగానే పోయింది. ఢిల్లీకి మకాం మార్చి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా బోర్డు తిప్పేసింది. మూడున్నరేళ్ల కిందట దేశంలోని అతి పెద్ద ఫుట్‌బాల్ లీగ్ కప్పు ఎత్తిన జట్టు ఊరు దాటిపోతే, ఆపే ప్రయత్నం మాట అటుంచి, ఎందుకు పోతున్నారని అధికారికంగా అడిగినవాళ్లు కూడా కనబడలేదు.

ఫుట్‌బాల్ అభిమాని ఆట మీద విసిగిపోతున్నాడని ప్రపంచమంతటా వింటున్నాం. కారణాలు అడిగితే టికెట్ ధరలంటారు, వీడియో రిఫరీలంటారు, ఆటగాళ్ల బదిలీలకు పోసే కోట్లంటారు. ఇవన్నీ నిజమే. అయితే హైదరాబాద్ అభిమానికి టికెట్ ధర పెద్ద భారమేమీ కాలేదు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో వీడియో రిఫరీయే లేడు. ఆ విధానం ఉండటం వల్ల విదేశాల్లో గొడవైతే, లేకపోవడం వల్ల ఇక్కడ గొడవ. మరి ఇక్కడి మనిషి మనసెందుకు విరిగింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా ప్రపంచం బాధ కూడా కొంత అర్థమవుతుంది. జట్టు మీద ప్రేమ అభిమానిది, హక్కు కాగితం మరొకరిది. ఆ కాగితానికి ఊరితో పనిలేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టుకలోనే ఈ తీరు ఉంది. 2019 ఆగస్టులో పుణె సిటీ క్లబ్ అప్పుల్లో మునిగి మూతబడితే, లీగ్‌లో దాని స్థానం హైదరాబాద్‌కు వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులయ్యారు. పుణె ఆటగాళ్లు చాలామంది ఇటు వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే అప్పుడు జట్టు పోగొట్టుకున్న ఢిల్లీకి ఇప్పుడు మన జట్టు దక్కింది. పుణెలో ఐదేళ్లపాటు గ్యాలరీలో గొంతు చించుకున్నవాళ్ల గతేమిటని 2019లో హైదరాబాద్‌లో ఎవరూ అడగలేదు. మనకు జట్టు వచ్చిందన్న సంబరంలో ఆ ఊసే రాలేదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ బోర్డు మార్చినంత సులువుగా క్లబ్బుల ఊళ్లు మారుతున్న లీగ్ ఇది.

అయినా ఈ ఊరు ఆ జట్టును సొంతం చేసుకుంది. దక్కన్ లెజియన్ పేరుతో అభిమాన సంఘం ఏర్పడింది. మొదటి సీజన్‌లో జట్టు అట్టడుగున మిగిలినా జనం పోలేదు. తర్వాత కొవిడ్ వచ్చింది. రెండు సీజన్లు మొత్తం గోవాలో, ఖాళీ గ్యాలరీల మధ్య జరిగాయి. అందువల్ల ఒక విచిత్రం జరిగింది. మనోలో మార్క్వెజ్ శిక్షణలో, ఒగ్బెచే 18 గోల్స్‌తో హైదరాబాద్ విజేతగా నిలిచిన 2021-22 సీజన్‌లో ఆ జట్టు సొంత మైదానమైన గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ జట్టుతో ఫైనల్. దానికి మాత్రం ప్రేక్షకులను రానిచ్చారు, వచ్చినవాళ్లలో అత్యధికులు పసుపు చొక్కాల కేరళవాళ్లే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో స్కోరు సమమైంది. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఊరు ఇదంతా టీవీలోనే చూసింది.

మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాత కూలిపోవడానికి ఆట కారణం కాదు, జీతాలు. బకాయిలు పేరుకుపోయాయి, ఆటగాళ్లు ఫిర్యాదులు చేశారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధాలు పెట్టింది. 2023-24 మధ్యలో విదేశీయులు, పేరున్న భారతీయులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్తో జట్టును నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు. ఆ కుర్రాళ్లను చూసి అభిమాని సిగ్గుపడలేదు. వాళ్లే నిజంగా ఆడారు. సిగ్గుపడాల్సినవాళ్లు లెక్కలు రాసే గదిలో ఉన్నారు. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. 13 జట్లలో 12వ స్థానంతో ఒక సీజన్ గడిపి, ఢిల్లీకి తరలించింది. వ్యాపార లెక్కలో ఆ నిర్ణయానికి తప్పు పట్టలేం. కానీ అందులో హైదరాబాద్ ఎక్కడుంది?

ఓడినందుకే అభిమాని దూరమవుతాడన్న వాదన నాకెప్పుడూ నమ్మశక్యంగా అనిపించలేదు. 2024లో జాతీయ జట్టు ఏడాది పొడవునా ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఆ సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలోనే మారిషస్‌తో గోల్ లేకుండా డ్రా చేసుకుని, సిరియా చేతిలో 0-3తో ఓడింది. నవంబర్‌లో మళ్లీ అక్కడే మలేసియాతో 1-1. అయినా చూడటానికి వచ్చిన జనం ఉన్నారు. ఓటమిని తిట్టుకోవచ్చు, కోచ్‌ను మార్చమనొచ్చు, వచ్చే ఏడాది చూద్దామనుకోవచ్చు. తిట్టుకోవడం కూడా అభిమానంలో భాగమే. వచ్చే ఏడాది జట్టే ఉండదంటే తిట్టడానికి ఎవరున్నారు?

లక్డీకాపూల్‌లో ఉంటూ మ్యాచ్‌కు వెళ్లాలనుకునేవాడి సాయంత్రం ఎలా ఉండేదో చెబితే ఈ అభిమానం విలువ తెలుస్తుంది. మెట్రో ఎక్కి ఖైరతాబాద్, ఎర్రమంజిల్, పంజగుట్ట దాటి అమీర్‌పేటలో దిగాలి. ఆఫీసుల నుంచి తిరిగొచ్చే జనాన్ని తోసుకుంటూ మెట్లెక్కి నీలి లైను పట్టుకోవాలి. రాయదుర్గంతో మెట్రో అయిపోతుంది, అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియానికి ఆటోవాలాతో బేరం. ఏడున్నరకు మొదలైన ఆట ముగిసేసరికి తొమ్మిదిన్నర, మళ్లీ అదే ఆటో బేరం, ఈసారి రేటు రెట్టింపు. ఇంత శ్రమపడి ఓడిపోయే జట్టును చూసి రావడాన్ని ఏ మార్కెట్ సర్వే లెక్కగడుతుంది? అదే లక్డీకాపూల్ నుంచి అసెంబ్లీ మీదుగా నడిచి వెళ్లే దూరంలో లాల్‌బహదూర్ స్టేడియం ఉంది, ఒకప్పటి ఫతే మైదాన్. ఈ రోజుల్లో దాని పేరు పత్రికల్లో ఆటల కన్నా సభల కోసమే ఎక్కువ కనిపిస్తుంది. 2023 డిసెంబర్ 7న ముఖ్యమంత్రిగా రేవంత్ రెడ్డి ప్రమాణ స్వీకారం కూడా అక్కడే.

అదే లక్డీకాపూల్‌లోని డీజీపీ కార్యాలయం ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఒకప్పుడు దేశంలో అందరూ జంకిన ఫుట్‌బాల్ జట్టు ఈ ఊరి పోలీసులదే. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీస్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. తర్వాత ఆంధ్రా పోలీస్ పేరుతో 1961లో మళ్లీ తెచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో టోర్నీలు పెట్టి, బంతిని ఒకటి రెండు తాకుల్లో అందించడం నేర్పాడు. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో పోయాడు.

ఆ జట్లలో హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల కుర్రాళ్లు ఎంతమందో. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, యూసఫ్ ఖాన్. అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం. ఊళ్లోకి వచ్చి ఆడాలంటే అద్దె సైకిల్‌కు డబ్బులు లేవంటే, రహీం రోజుకో రూపాయి ఇచ్చేవారని బలరాం తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. ఒక రూపాయి పెట్టుబడితో ఈ దేశానికి దొరికిన ఫార్వర్డ్ ఆయన. 2023 ఫిబ్రవరిలో పద్మశ్రీ లేకుండానే కన్నుమూశారు.

దీన్ని స్వర్ణయుగమని పూజించే పని నేను పెట్టుకోను. పోలీసు జట్టు విషయంలోనూ అభిమానికి ఓటు లేదు, యజమాని శాఖే. ఆటగాడి బతుకు సర్కారు కొలువు మీద ఆధారపడింది. ఆ కొలువులు తగ్గితే జట్టూ బక్కచిక్కింది. సంఘాల్లో ముఠా తగాదాలు మిగతా పని పూర్తి చేశాయి. 1965-66 తర్వాత సంతోష్ ట్రోఫీ ఈ గడ్డకు రాలేదు. కానీ ఒక తేడా మాత్రం ఉంది. ఆ జట్టు నీరసించి చచ్చిపోయిందే తప్ప, ఇంకో ఊరికి అమ్ముడుపోలేదు. హైదరాబాద్ పోలీసును తీసుకెళ్లి ఢిల్లీలో ఆడించడం ఎవరి తరమూ కాదు.

2025 డిసెంబర్ 13న మెస్సీ వచ్చాడు. క్లబ్ ఊరు వదిలి రెండు నెలలైంది. ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో ముఖ్యమంత్రి స్వయంగా బూట్లు కట్టి బంతి తన్నారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మెస్సీతో ఫోటో దిగడానికి దాదాపు 10 లక్షల రూపాయలని పత్రికలు రాశాయి. అదే రోజు కోల్‌కతాలో వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకు మెస్సీ చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులే కనిపించాయి. కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి. హైదరాబాద్‌లో అంతా సాఫీగా జరిగింది, అందుకు పోలీసులను మెచ్చుకోవాలి. అయినా పై లీగ్‌లో సొంత క్లబ్ లేని ఊళ్లో ఆ ఉత్సాహం కొన్ని గంటల పాటు వెలిగి ఆరిపోయింది. మెస్సీని రప్పించిన శ్రద్ధలో పదో వంతు హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల బకాయిల మీద పెట్టి ఉంటే అన్న ఆలోచన రాకమానదు.

ఇక్కడ విసిగినవాడు ఇంగ్లండ్ లీగ్‌కు మళ్లుతున్నాడు. పంజగుట్ట, ఎస్ఆర్ నగర్ హాస్టళ్లలో అర్ధరాత్రి దాటాక ఫోన్లలో ఛాంపియన్స్ లీగ్ చూసే కుర్రాళ్లకు ఆర్సెనల్ రిజర్వు ఆటగాళ్ల పేర్లు కూడా కంఠతా వచ్చు. కానీ అక్కడి అభిమానీ ఇదే ఏడుపు ఏడుస్తున్నాడు. 2021 ఏప్రిల్‌లో 12 పెద్ద క్లబ్బులు గెలుపోటములతో పనిలేని సూపర్ లీగ్ ప్రకటిస్తే, ఇంగ్లండ్‌లో జనం వీధుల్లోకి వచ్చి రెండు మూడు రోజుల్లో దాన్ని కూల్చేశారు. బయర్న్, డార్ట్‌మండ్ అందులో చేరనే లేదు. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలో ఉండాలన్న నియమం ఉంది, అక్కడి బోర్డులకు ఆ భయం ఉంది. 2026 ప్రపంచ కప్ టికెట్ల ధరలు చూసి అభిమాన సంఘాలు మండిపడితే, ఫిఫా 60 డాలర్ల టికెట్లు కొన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. మన కథకు అచ్చంగా సరిపోయేది వింబుల్డన్. లండన్‌లోని ఆ క్లబ్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి దొరికితే, అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టుకుని బాగా కింది శ్రేణి నుంచి ఆడారు. తొమ్మిదేళ్లలో ఫుట్‌బాల్ లీగ్‌కు తిరిగొచ్చారు.

హైదరాబాద్‌లో అలాంటిది సాధ్యమా? కష్టం. వింబుల్డన్ అభిమాని ఎక్కడానికి మెట్లున్నాయి. కింది శ్రేణిలో గెలిస్తే పై శ్రేణికి వెళ్లొచ్చు. మన దేశంలో ఆ మెట్లు ఇటీవలే కట్టారు, అవీ ఊగుతున్నాయి. నగర శివార్లలో సొంత మైదానమున్న శ్రీనిధి దక్కన్ క్లబ్ రెండో శ్రేణి అయిన ఐ-లీగ్‌లో 2022-23లో, మళ్లీ 2023-24లో రెండో స్థానంలో నిలిచింది. పై లీగ్‌కు తలుపు విజేతకే తెరుచుకుంటుంది కాబట్టి గడప దగ్గరే ఆగిపోయింది. 2024-25 ఐ-లీగ్ విజేత ఎవరో మైదానంలో తేలలేదు. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య చర్చిల్ బ్రదర్స్ అంది, స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం జూలైలో ఇంటర్ కాశీ అంది. అదే నెలలో, సమాఖ్యతో ఒప్పందం గడువు ముగుస్తోందని, ఐఎస్‌ఎల్‌ను అప్పట్లో నడిపిన సంస్థ లీగ్‌నే ఆపేసింది. కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. 2026 ఫిబ్రవరికి గానీ కుదించిన సీజన్ మొదలు కాలేదు. లీగ్ ఉంటుందో లేదో తెలియని చోట, అభిమానులు చందాలేసుకుని క్లబ్ పెట్టమనడం అన్యాయం.

ప్రభుత్వం చేతిలో మాత్రం ఒక పనిముట్టు ఉంది. గచ్చిబౌలి స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టింది. రేపు మరో యజమాని మరో లైసెన్సుతో వస్తాడు; ఖాళీగా ఉన్న ఇంత పెద్ద ఊరిని ఏ లీగూ ఎక్కువ కాలం వదలదు. అప్పుడు మైదానం అద్దె ఒప్పందంలోనే కొన్ని షరతులు రాయొచ్చు. ఇన్నేళ్ల పాటు ఊరు వదలకూడదని, వదిలితే ఇంత జరిమానా అని, ఆ డబ్బు సికింద్రాబాద్, బార్కస్ మైదానాల్లో పిల్లల శిక్షణకు పోతుందని, ఆటగాళ్ల జీతాల బకాయి ఉంటే ముందు ఆ లెక్క తేల్చాలని, అభిమాన సంఘం నుంచి ఒకరు క్లబ్ బోర్డులో కూర్చుంటారని. ఏ యజమానీ వీటికి సంతోషంగా ఒప్పుకోడు. అయితే సంతకం పెట్టకముందు మాత్రమే బేరం మన చేతిలో ఉంటుంది. 2019లో ఆ బేరం ఆడాలని ఎవరికీ తట్టలేదు.