కుర్చీ లేని కొలువు

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నియామకాలంటే సర్కారు నోటిఫికేషన్లే అన్నట్టు ఇప్పటికీ మాట్లాడుకుంటున్నం. మరి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఈలోపల ఎక్కడ పనిచేస్తున్నరు? అమీర్‌పేటకు పో, దిల్‌సుఖ్‌నగర్‌కు పో, హన్మకొండ, కరీంనగర్ పో. పెద్ద రోడ్డు మీద అద్దాల దుకాణాలుంటయి. అందులో యూనిఫాం తొడుక్కొని నిలబడ్డోళ్లల్ల మన డిగ్రీ పిల్లలున్నరు. వాళ్ల ముచ్చట లేకుండా నియామకాల ముచ్చట పూర్తికాదు.

2006 నవంబర్‌ల రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు తెరుచుకున్నది మన హైదరాబాద్‌లనే. గొలుసు దుకాణాలొస్తే కిరాణ కొట్లు ఏమైతయి, కూరగాయల బండ్లు ఏమైతయి అని అప్పుడు గట్టిగనే అడిగినం. లోపల పనిచేసేటోళ్లు ఏమైతరని మాత్రం అడగలె.

ఆ పని కొనేటోళ్ల కంటికి కనబడదు. షట్టర్ ఎత్తకముందే రావాలె. ఫోన్ లాకర్ల పెట్టాలె. వచ్చిన సరుకు దించాలె, అరల్లో సర్దాలె, తారీఖు దాటింది ఏరాలె. పొద్దంతా నవ్వుమొఖంతోని నిలబడాలె. బిల్లింగ్ కాడ లెక్క తక్కువైతే జీతంల కోత. రాత్రి ఇంటికి పోయేటప్పుడు సంచి తనిఖీ. ఒకే యూనిఫాం, ఒకే పని. కానీ ఒకరికి కంపెనీ జీతం, పక్కోనికి ఏజెన్సీ జీతం. దసరా వస్తే సెలవులు బంద్. ఊరంతా బతుకమ్మ ఆడేనాడు, ఆ ఆడబిడ్డలకు చీరలు చూపించిన పిల్లకు ఆడే తీరిక దొరకదు.

అన్నిటికన్నా చిన్నదిగ కనబడే పెద్ద బాధ ఒకటున్నది. కూసునే జాగ లేదు. గంటల కొద్దీ నిలబడితే కాళ్లు వాస్తయి, నరాలు ఉబ్బుతయి, నడుము పడిపోతది. బాత్రూంకు పోనియ్యరని నీళ్లు తాగుడు మానుకునే ఆడపిల్లలున్నరు.

కూసుంటే కస్టమర్‌కు మర్యాద తక్కువైతదని యాజమాన్యాలు అంటయి. బ్యాంకుల క్యాషియర్ కూసునే పైసలు లెక్కపెడ్తడు. మనకెప్పుడన్నా మర్యాద తక్కువైందా? కిరాణ కొట్టు స్వర్గమని మేం అంటలేం. అక్కడ పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. కానీ గిరాకీ లేనప్పుడు బియ్యం బస్తా మీదనన్న కూసునేటోళ్లు.

ఇది కొత్త కోరిక కాదు. నిలబడి పనిచేసేటోళ్లకు కూసునే ఏర్పాటుండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలనే ఉన్నది. కేరళల కోజికోడ్ మిఠాయి తెరువు బట్టల దుకాణాల ఆడవాళ్లు మొదలు మూత్రశాల కోసం, తర్వాత కూసునే హక్కు కోసం కొట్లాడిన్రు. 2018ల ఆ రాష్ట్రం దుకాణాల చట్టం మార్చింది. 2021ల తమిళనాడు అదే తొవ్వ పట్టింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర లేబర్ కోడ్‌ల గూడ ఈ మాట ఉన్నది.

మన 1988 దుకాణాల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. మించితే రెట్టింపు కూలి అన్నది. 2023 ఏప్రిల్‌ల దుకాణాలు 24 గంటలు తెరుచుకోవచ్చని సర్కారు ఉత్తర్వు ఇచ్చింది. 2025 జూలైల వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా సడలింపు ఇచ్చినప్పుడు దుకాణాలను అందులకెళ్లి మినహాయించింది. షట్టర్ ఎన్ని గంటలు తెరిచి ఉండాలన్నదానికి ఆగమేఘాల మీద జీవో వస్తది. లోపల నిలబడ్డ మనిషి ఎన్ని గంటలకు కూసోవాలన్నదానికి ఎందుకు రాదు?

సంఘం పెడ్తే రేపటినుంచి రావద్దంటరని ఆ పిల్లల భయం. అందుకే ఈ మాట బయటినుంచి మనమే అడగాలె. ఉద్యోగ సంఘాలకు 2011 సకల జనుల సమ్మె చేసిన అనుభవమున్నది; ఈ పిల్లల తరఫున లేబర్ కమిషనర్ ఆఫీసు మెట్లెక్కాలె. విద్యార్థి సంఘాలు తమ సీనియర్లు పనిచేసే దుకాణాల గంటలు, జీతం చీటీలు రాసిపెట్టాలె. కొనేటోళ్లం కౌంటర్ కాడ మేనేజర్‌ను ఒక్క ప్రశ్న అడగాలె: "ఈ పిల్లకు స్టూలేది?"

మనం కొట్లాడి తెచ్చిన రాష్ట్రంల ఎందరికో కుర్చీలు దొరికినయి. పొద్దంతా నిలబడ్డోళ్లకు ఒక స్టూలు దొరకకపోతే ఆ కొట్లాట ఇంకా ఒడువలేదనే లెక్క.