మంచం దిగినందుకు పిండం జారదు

అచ్చంపేట చుట్టుపక్కల ఊళ్లలో ఒక తీర్పు మహా సులువుగా వెలువడుతోంది. హైదరాబాదు పోయి ఐవీఎఫ్ చేయించుకుని, ఫ్రీజ్ చేసిన పిండాన్ని పెట్టించుకుని వచ్చిన ఆడమనిషికి బీటా పరీక్ష (గర్భం నిలిచిందో లేదో తేల్చే రక్తపరీక్ష) నెగెటివ్ వస్తే చాలు, శిక్ష సిద్ధం. "మంచం దిగింది." "బస్సుల కుదుపులకు జారిపోయింది." "వద్దంటే ఇనకుండ బొప్పాయి తిన్నది." డాక్టరు ప్రస్తావన రాదు, ల్యాబు ప్రస్తావన రాదు, భర్త ఊసే ఉండదు. తప్పంతా ఆమె నెత్తిన పడుతుంది. ఈ మాట అత్తలు అంటారు, ఆడబిడ్డలు అంటారు, పట్నంలో చదువుకొచ్చిన మరుదులూ అంటారు. చివరికి ఆమె కూడా నిజమే కాబోలని నమ్ముతుంది. ఇది అబద్ధం. సాక్ష్యాలు ఒక్కొక్కటిగా మీ ముందు పెడతాను, మీరే తేల్చండి.

మొదటి ఆరోపణ, జారిపోవడం. ఐదు రోజుల పిండం ఎంత ఉంటుంది? మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. గర్భాశయం నోరు తెరిచిన ఖాళీ సంచి కాదు. దాని ముందు గోడా వెనుక గోడా ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. సన్నని గొట్టంతో, చిన్న ద్రవపు బొట్టుతో పాటు పిండాన్ని ఆ రెండు గోడల మధ్య వదులుతారు. అక్కడి నుంచి అది నిలబడితే రాలేది కాదు, దగ్గితే ఊడేది కాదు. సహజంగా వచ్చే గర్భంలోనూ పిండం ఇదే దశలో, ఇదే గోడల మధ్య కొన్నాళ్లు అంటుకోకుండా ఉంటుంది. అప్పుడు ఆ తల్లి ఏ మంచం మీద పడుకుంది? పత్తి ఏరుతూ, నాట్లు వేస్తూ, నెత్తిన తట్టలు మోస్తూ కడుపు నిలుపుకున్న తల్లులకు పుట్టినవాళ్లమే కదా మనమంతా?

తర్కం చాలదంటే పరీక్షలు ఉన్నాయి. 2013లో స్పెయిన్ వైద్యులు, దాత అండాలతో చికిత్స పొందుతున్న 240 మందిని రెండు వర్గాలు చేశారు. పిండం పెట్టాక ఒక వర్గాన్ని పది నిమిషాలు పడుకోబెట్టారు. రెండో వర్గాన్ని వెంటనే లేపి నడిపించారు. పడుకున్నవారిలో సుమారు 42 శాతం మందికి, వెంటనే లేచి నడిచినవారిలో సుమారు 57 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అమెరికా పునరుత్పత్తి వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు, పిండం పెట్టాక పడక విశ్రాంతి వద్దని బలమైన సాక్ష్యంతో చెప్పాయి. మరి పద్నాలుగు రోజులు మంచానికి కట్టేయడం ఏ శాస్త్రం? కూలికి పోతే తప్ప గడవని ఇంట్లో రెండు వారాల కూలి పోయింది, కదలకుండా ఉన్నందుకు కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరిగింది. వచ్చిన లాభం ఏమిటి? ఏమీ లేదు.

బస్సు సంగతి చూద్దాం. కల్వకుర్తి, ఆమన్‌గల్ మీదుగా వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చినందువల్ల పిండం పోయిందనే మాటకు ఆధారం లేదు. ఆ ప్రయాణం ఒళ్లు అలసిపోయేలా చేస్తుంది, అంతే. ఒక పూట బొప్పాయి ముక్క తిన్నందుకో, నువ్వుల ఉండ తిన్నందుకో ఫలితం తారుమారు కాదు. అయితే ఈ 'వేడి' భయం వెనుక ఒక నిజమైన ప్రమాదం దాక్కుని ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. "ఇంజక్షన్లు వేడి చేస్తున్నయి, రెండు రోజులు ఆపు బిడ్డా" అనే సలహా అది. మందులతో గర్భాశయాన్ని సిద్ధం చేసే పద్ధతిలో ఆ నెల అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే గర్భాన్ని నిలిపే ప్రొజెస్టరాన్ శరీరంలో తయారు కాదు. బయటి నుంచి ఇచ్చే మందే దిక్కు. 2021లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్షలో యోనిలో పెట్టే మాత్రలే వాడినవారిలో 27 శాతం మందికి బిడ్డలు పుడితే, కండరానికి ఇంజక్షన్ తీసుకున్నవారిలో 44 శాతం మందికి పుట్టారు. మందు ఇచ్చే తీరుకే ఇంత తేడా ఉంటే, మందే ఆపేస్తే? పండు తిన్నందుకు కోడలిని దోషిని చేసే పెద్దలు, మందు ఆపమన్నందుకు తమను తాము ఎన్నడైనా ప్రశ్నించుకున్నారా?

మరి పిండం ఎందుకు నిలవదు? ప్రధాన కారణం పిండంలోనే ఉంటుంది. మనిషి పిండాల్లో చాలావాటికి క్రోమోజోముల లెక్క తప్పుతుంది. తల్లి వయసు ముప్పై చుట్టూ ఉన్నప్పుడే ఐదో రోజుకు చేరిన పిండాల్లో సుమారు నాలుగింట ఒకటి ఇలాంటిది. నలభై రెండేళ్లు వచ్చేసరికి నాలుగింట మూడు ఇలాంటివే. సూక్ష్మదర్శినిలో అందంగా కనిపించిన పిండం కూడా లోపల లెక్క తప్పి ఉండవచ్చు. పాలమూరు రైతుకు ఇది కొత్త సంగతి కాదు. విత్తనాల సంచి మీద మొలక శాతం అచ్చువేసి ఉంటుంది, ప్రతి గింజా మొలుస్తుందని ఏ రైతూ అనుకోడు. మొలవని గింజకు చేనులో నడిచిన మనిషిని ఎవరైనా తప్పుపడతారా? తాలు గింజకు కోడలిని శిక్షించడం ఏ న్యాయం?

ఇక్కడే వయసు గురించిన పొరపాటు ఒకటి సరిదిద్దాలి. లెక్కలోకి వచ్చేది ప్రధానంగా పిండం తయారైన నాటి అండం వయసు, పెట్టించుకున్న నాటి వయసు కాదు. ముప్పై ఏళ్లప్పుడు ఫ్రీజ్ చేసిన పిండాన్ని ముప్పై ఆరుకు పెట్టినా దాని వయసు ముప్పయ్యే. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో కాలం దాన్ని ముట్టదు. "ఐసులో పెట్టిన పిండం బలహీనం" అనేవాళ్లు చరిత్ర చూడాలి. 1978లో కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ గడ్డకట్టించిన పిండంతోనే బిడ్డను పుట్టించానని ప్రకటించారు. నాటి విచారణ సంఘం ఆయన్ను నమ్మలేదు. అవమానాలతో కుంగి 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆయనకు దక్కాల్సిన గుర్తింపు దశాబ్దాల తర్వాత దక్కింది. 1984లో మెల్‌బోర్న్‌లో ఫ్రీజ్ చేసిన పిండంతో బిడ్డ పుట్టింది. అప్పటి నుంచి ప్రపంచమంతా ఈ దారినే నడుస్తోంది.

అలాగని "ఫ్రీజ్ చేస్తేనే సక్సెస్" అనే ఎదుటి పక్షపు ప్రచారమూ నిలబడదు. 2016లో చైనాలో పీసీఓఎస్ (అండం సక్రమంగా విడుదల కాని సమస్య) ఉన్న 1,508 మంది మహిళల మీద జరిగిన పరీక్షలో ఫ్రీజ్ చేసిన పిండాలతో 49.3 శాతం, తాజా పిండాలతో 42 శాతం మందికి బిడ్డలు పుట్టారు. సరే, లాభమే. కానీ 2018లో అండం సక్రమంగా విడుదలయ్యే మహిళల మీద అదే దేశంలో పరీక్ష జరిగితే 48.7, 50.2 శాతాలు వచ్చాయి. తేడా లేదనే అర్థం. పైగా 2016 పరీక్షలో, ఫ్రీజ్ చేసిన పక్షంలో గర్భిణుల బీపీ వ్యాధి ఎక్కువగా కనిపించింది. ఎవరికి ఏది మేలో చూడకుండా అందరికీ ఒకటే మంత్రం వేసే కేంద్రం వైద్యం చేస్తోందా, వ్యాపారం చేస్తోందా?

వ్యాపారం సంగతి వచ్చింది కాబట్టి శాతాల గుట్టు కూడా విప్పాలి. పెద్ద పెద్ద శాతాలు చూపే ప్రకటనను ఒక్క ప్రశ్న అడగండి: ఇది దేని శాతం? బీటా పాజిటివ్‌దా, గుండె చప్పుడు వినిపించినవారిదా, బిడ్డను ఎత్తుకుని ఇంటికి పోయినవారిదా? బీటా పాజిటివ్ వచ్చినవారిలో కొందరికి వారాల్లోనే గర్భం పోతుంది. పైమెట్టు అంకె చూపి కిందిమెట్టు ఫలితం ఇస్తే అది మోసం కాదా? బ్రిటన్‌లో సంతాన చికిత్సల నియంత్రణ సంస్థ 2019 లెక్కల ప్రకారం సొంత అండాలతో, పెట్టిన ఒక్కో పిండానికి బిడ్డ పుట్టిన శాతం 35 ఏళ్లలోపు వారిలో 32. నలభై నుంచి నలభై రెండేళ్లలో 11. నలభై మూడు, నలభై నాలుగేళ్లలో 5. దాపరికం లేకుండా లెక్కలు ప్రచురించే దేశంలోనే పరిస్థితి ఇది. మన హోర్డింగుల శాతాలు ఏ లోకం నుంచి వచ్చాయి?

"గుంటూరులో డెబ్బై దాటిన అవ్వకు కవలలు పుట్టలేదా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. పుట్టారు, 2019 సెప్టెంబరులో. అవి దాత అండాలు. ఆ వార్త చూసి నలభై అయిదేళ్ల ఆడమనిషి తన సొంత అండాల మీద ఆశ పెట్టుకుంటే ఆ పాపం ఎవరిది? 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఈ చికిత్సకు మహిళకు యాభై, పురుషుడికి యాభై అయిదు దాటకూడదు. అదే చట్టం, విజయావకాశాలు, ఖర్చు, ముప్పు అన్నీ ముందే వివరించాలని కేంద్రాలను ఆదేశించింది. ఫిర్యాదుల విభాగం ఉండాలని చెప్పింది. ఎకరం అమ్మి, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి డబ్బు కట్టే ముందు ఆ వివరణ మనలో ఎందరు అడుగుతున్నారు?

అసలు రోగం ఇక్కడ ఉంది. కేంద్రం గ్యారంటీ అంటుంది, ఇంటివాళ్లు దాన్ని నమ్ముతారు. గ్యారంటీ ఉన్నచోట ఓటమికి నేరస్థుడు కావాలి. డాక్టరు చెప్పింది తప్పు కాదనుకుంటే మిగిలేది ఆమే. గ్యారంటీయే అబద్ధమని ఒప్పుకున్న రోజు నింద దానంతటదే కూలిపోతుంది. గ్యారంటీ అమ్మే వ్యాపారం ఎక్కడిదాకా పోతుందో 2025 జులైలో సికింద్రాబాద్ కేసు చూపింది. సరోగసీ ద్వారా మీ బిడ్డే అని లక్షలు తీసుకుని చేతిలో పెట్టిన పసికందు, డీఎన్ఏ పరీక్షలో ఆ దంపతుల బిడ్డ కాదని తేలింది. పోలీసులు అరెస్టులు చేశారు. ప్రకృతి ఇవ్వని గ్యారంటీని ఇస్తానన్నవాడు ఇంకేం చేయగలడు?

అయితే ఆశ లేదా? ఉంది, లెక్క తెలిసిన ఆశ ఉంది. 2021లో వెలువడిన 4,429 మంది విశ్లేషణలో, క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయని తేలిన పిండాలను ఒక్కొక్కటిగా మూడు విడతల దాకా పెడితే 95 శాతం మందిలో ఒక్కసారైనా పిండం అంటుకుంది. అలాంటి పిండాలు అందరికీ దొరకవు, ఆ మాటా మరవకండి. కానీ మంచి పిండం ఉన్నవారికి ఒక్క ఓటమి అంతిమ తీర్పు కాదు. కాబట్టి అడగండి: పిండం ఏ వయసులో తయారైంది, ఎన్ని మిగిలాయి, ఎన్ని పెడుతున్నారు, నా వయసువారిలో బిడ్డతో ఇంటికి పోయినవారు ఎందరు? భర్త వీర్యపరీక్ష కాగితం కూడా అదే బల్ల మీద పెట్టమనండి, ఎందుకంటే సంతానలేమి కేసుల్లో సగం దాకా మగవాడి పాత్ర ఉంటుంది. గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది. భూమి అమ్మే ముందు అక్కడా అడగండి.

డాక్టర్లకు చివరి మాట. పడక అక్కర్లేదని మీకు తెలుసు. తెలిసీ చీటీ మీద 'పూర్తి విశ్రాంతి' అని రాస్తే, ఫలితం రానప్పుడు నిందించడానికి ఒక మనిషిని మీరే సిద్ధం చేసి పెట్టినట్టు. ఆ మాట కొట్టేసి, దాని స్థానంలో రెండు వాక్యాలు తెలుగులో రాయండి: మందులు ఆపవద్దు, మామూలుగా తిరగవచ్చు. మూడో వాక్యం ఆమె అత్తకు, భర్తకు వినపడేలా నోటితో చెప్పండి: పిండం నిలవకపోతే ఈమె చేసిన తప్పు ఏదీ లేదు. ఇది చెప్పడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఇవ్వని కేంద్రానికి లక్షలు తీసుకునే అర్హత లేదు.