గల్లీవారిని అడగని ప్రణాళిక ఎవరి కోసం?

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు అందులో భాగమయ్యాయి. జిల్లా కొత్తదైనా ఇక్కడి పాత వాడల కష్టాలు పాతవే. తరతరాలుగా ముస్లిం కుటుంబాలు కూడా నివసిస్తున్న ఈ వాడలను బాగుచేయవద్దని మేము అనడం లేదు. ఎవరిని అడిగి బాగుచేస్తారన్నదే మా ప్రశ్న.

ధర్మవరంలో పట్టుచీర నేసే ఇంట గుంత మగ్గం నేలలోనే ఉంటుంది. రోడ్డు ఎత్తు పెంచి కాలువను మరిస్తే వాననీరు ముందుగా చేరేది ఆ గుంతలోకే. నేతగాడు ఏ మతస్థుడైనా ఆ రోజు కూలి పోయినట్టే. పెనుకొండ సమీపాన కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. బాబయ్య దర్గాకు అన్ని మతాల వారూ వస్తారు. యాత్రికుల కోసం దారి వెడల్పు చేయదలిస్తే, దానిని ఆనుకొని బతికే చిరువ్యాపారికి ముందుగా చోటు చూపాలి. హిందూపురం గల్లీల్లో అద్దెకున్నవారి మాటా అంతే. పట్టా లేనివారికి పరిహారం దక్కడం ఎంత కష్టమో పేదలకు తెలుసు.

ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాల్లో పౌర సదుపాయాల కొరతను సచార్ కమిటీ 2006లోనే దేశం ముందుంచింది. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. అయితే అది 3 లక్షలు, అంతకు మించి జనాభా గల పురపాలికలకే. 2011 జనగణన ప్రకారం మన మూడు పట్టణాల్లో ఏదీ ఆ సంఖ్యకు చేరలేదు. చిన్న పట్టణాల్లోనూ కమిటీలు ఏర్పరచడానికి రాజ్యాంగం రాష్ట్రాలకు అడ్డు చెప్పలేదు. 1967లో హైదరాబాద్‌లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు బస్తీవాసులను పనిలో భాగస్వాములను చేసింది. అది మన నేల మీది అనుభవమే.

లోపం మనలోనూ ఉంది. ఎన్నికల వేళ తప్ప కాలువ గుర్తుకు రాదు. చెత్తను అదే కాలువలో వేస్తాం. కనుక ప్రతి మొహల్లా తన లెక్క తానే రాసుకోవాలి. ఏ ఇంటికి కుళాయి లేదు, ఏ సందులో దీపం లేదు, ఎవరికి పట్టా లేదు అన్నవి వివరంగా నమోదు చేయాలి. జుమా నమాజు తర్వాత మసీదు కమిటీలు ఈ మాట ఎత్తాలి. స్త్రీలను తప్పక కలుపుకోవాలి, ఎందుకంటే నీటి కష్టం మొదట తెలిసేది వారికే. పొరుగునున్న హిందూ, క్రైస్తవ సోదరుల సంతకాలతో సహా ఆ పత్రాన్ని మునిసిపల్ కమిషనర్‌కు అందించాలి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది.

మనం కోరేది దయ కాదు. మన ఇంటి ముందు గీసే గీతను గీయకముందే చూసే హక్కు.