విదేశయానమున పెట్టెను అప్పగింపవలెనా?

కొయ్యూరునుండి నర్సీపట్నము మీఁదుగా విశాఖకుఁ జేరి, పురుడు పోయుటకై పరదేశమందలి కూఁతుకడ కేఁగు తల్లికి మొదటి చింత సామానులను గూర్చినదే. పెట్టెను విమానమువారి కప్పగింపవలెనా, చేతనే యుంచుకొనవలెనా?

సోదరీమణులారా! కొండతేనె, నేయి, ఊరఁగాయ సీసాలలో కొనిపోఁ దలఁచినచో అప్పగింపక తప్పదు. చేతిసంచిలో ద్రవపదార్థముల సీసా యొక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించరాదు. కత్తి యసలే కూడదు. పెక్కు విమానములలో ఆ సంచి బరువు 7 కిలోలకే పరిమితము. దిగు దేశమువారు తేనెను, నేతిని రానిత్తురో లేదో ముందే విచారింపవలెను.

అయితే అప్పగించిన పెట్టె మనతోడనే దిగునను నిశ్చయము లేదు; విమానము మాఱుచోట వెనుకఁబడవచ్చును. కావున నిత్యము వేసికొను మందులు, వైద్యుని చీటి, పాస్‌పోర్టు, నగలు, ఒక చీర చేతిసంచిలోనే యుండవలెను. పవర్ బ్యాంకును పెద్దపెట్టెలో నెన్నఁడును ఉంచరాదు. అందలి లిథియము నిప్పంటుకొన్నచో, సామానుల గదిలో వెంటనే చూచి యార్పువారుండరు.

అప్పగించిన పెట్టె చెడినచో 7 దినములలోపల వ్రాతమూలముగఁ దెలుపవలెనని 1999 నాఁటి మాంట్రియల్ ఒడంబడిక విధించుచున్నది. గాన అప్పగింతచీటిని భద్రపఱచుకొనుఁడు.

మేము చెప్పున దొక్కటే. తేనె జాడీ పోయినచో మఱియొకటి పంపవచ్చును. ప్రయాణమధ్యమున మందు లేకున్నచో ప్రాణముమీఁదికి వచ్చును. ఈ భేదము నెఱిఁగి పెట్టె సర్దుకొనుఁడు.